విశాఖ ‘విక్టరీ ఎట్ సీ’ చూడబోయే ముందు: బీచ్ రోడ్డు మీద కలిసిపోయిన కథలు

విశాఖపట్నం ఆర్కే బీచ్‌కు వెళ్లిన కుటుంబాలు సాధారణంగా ఒకే సాయంత్రం మూడు చోట్ల ఆగుతాయి. ఇసుక మీదికి చేర్చి నిలబెట్టిన ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి ఒకటి, రోడ్డుకు అవతల రెక్కలు చాచి ఉన్న టీయూ-142 విమానం రెండోది, ఆ దాపునే సముద్రానికి అభిముఖంగా ఉన్న ‘విక్టరీ ఎట్ సీ’ యుద్ధ స్మారకం మూడోది. మూడూ కూతవేటు దూరంలో ఉండడం వల్ల చూసేవారి మనసులో మూడూ కలిసి ఒకే కథగా మారిపోతాయి. 1971లో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ మీదికి వచ్చిందని, దాన్ని కుర్సురా ముంచిందని, ఆ విజయానికి గుర్తుగానే స్మారకం కట్టి డిసెంబరు 4న నేవీ డే జరుపుతున్నారని పిల్లలకు చెప్పే పెద్దలను అక్కడ ఏ రోజు నిలబడినా వినవచ్చు.

ఇందులో మొదటి మాట నిజం, రెండోది కాదు, మూడోది సగమే నిజం. తప్పు చెప్పేవారిని నిందించలేం. అక్కడి అమరికే అలాంటిది. అయితే ఈ స్మారకం చూడడానికి వెళ్లాలనుకునేవారికి అసలు ఏ నౌక ఎక్కడ ఉంది, ఎవరు ఎవరితో పోరాడారు, ఏ విషయం తేలింది, ఏది తేలలేదు అన్నవి ముందే తెలిస్తే అదే రాయి, అదే ఇనుము వేరే విధంగా కనిపిస్తాయి.

స్మారకం, మ్యూజియం, జలసమాధి: మూడూ వేర్వేరు

స్మారకం అంటే జరిగినదాన్ని తలచుకోవడానికి తర్వాత కట్టినది. 1996లో నిర్మించిన ‘విక్టరీ ఎట్ సీ’ ఇలాంటిదే. 1971 యుద్ధంలో భారత నావికాదళం సాధించిన విజయానికి, అందులో ప్రాణాలు ఇచ్చినవారికి అది గుర్తు. ఏటా నేవీ డే నాడు తూర్పు నావికాదళ అధికారులు పుష్పగుచ్ఛాలు ఉంచేది ఇక్కడే. లోపలికి వెళ్లి గంటలు గడపవలసిన చోటు కాదు. పది నిమిషాలు నిలబడి తలవంచుకునే చోటు.

మ్యూజియం అంటే నిజంగా పనిచేసిన వస్తువును పదవీ విరమణ తర్వాత భద్రపరిచిన చోటు. కుర్సురా 1969 డిసెంబరు 18న నావికాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించి, 2002 ఆగస్టులో మ్యూజియంగా మారింది. టీయూ-142 విమానం 1988లో సేవలో చేరి 2017లో విరమించింది. మ్యూజియంగా ప్రారంభమైనది అదే ఏడాది డిసెంబరులో. ఈ తేదీలు చూస్తేనే ఒక చిక్కు విడిపోతుంది. టీయూ-142కు 1971 యుద్ధంతో ఏ సంబంధమూ లేదు. జలాంతర్గాములను ఆకాశం నుంచి వెతికే విమానం కనుక అది అక్కడ ఉండడంలో ఔచిత్యం ఉంది గాని, ఆ యుద్ధకథలో దానికి పాత్ర లేదు.

మూడోది ఒడ్డున కనిపించదు. ఘాజీ, అందులోని 93 మంది సిబ్బందితో సహా, విశాఖ రేవు ముఖద్వారానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే సముద్రపు అడుగున ఉంది. ఇలాంటి శకలాలను నావికులు సమాధులుగానే భావిస్తారు. స్మారకాన్ని చూడడానికి వెళ్తున్నవారు ఆ సమాధి ఎదుట కూడా నిలబడుతున్నారన్నది నా దృష్టిలో ఈ యాత్రకు ప్రాణం వంటి విషయం. టికెట్టు కౌంటరు దగ్గర ఆ సంగతి గుర్తుచేసేవారు ఉండరు.

ఘాజీ ఇంత దూరం ఎందుకు వచ్చింది

1971లో పాకిస్థాన్ రెండు ముక్కలుగా ఉండేది. పశ్చిమ భాగానికీ తూర్పు భాగానికీ మధ్య భారతదేశం ఉంది. తూర్పు పాకిస్థాన్‌లో (నేటి బంగ్లాదేశ్) ఉన్న తమ సైన్యానికి ఆయుధాలూ సరుకులూ పంపాలన్నా, ఓడిపోయే పరిస్థితి వస్తే బయటపడాలన్నా పాకిస్థాన్‌కు సముద్రమే ముఖ్యమైన దారి. ఆ దారిని మూసివేయగల శక్తి బంగాళాఖాతంలో భారత్‌కు ఉన్నది ఒక్క నౌక వల్ల. అది విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్. దాని మీది సీహాక్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్‌బజార్ రేవుల మీద దాడి చేయగలవు. విక్రాంత్ లేకపోతే తూర్పు తీరపు దిగ్బంధం చాలా బలహీనపడుతుంది.

విక్రాంత్‌కు ఒక లోపం కూడా ఉంది. దాని బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు రావడం వల్ల పూర్తి వేగంతో నడవలేకపోయేది. వేగం తగ్గిన పెద్ద నౌక జలాంతర్గామికి సులువైన వేట.

విక్రాంత్‌ను వేటాడడానికి పాకిస్థాన్ దగ్గర అప్పుడు నాలుగు జలాంతర్గాములు ఉండేవి. ఫ్రాన్స్ నుంచి కొన్న హంగోర్, షుషుక్, మాంగ్రో కొత్తవే గాని పరిమాణంలో చిన్నవి. నాలుగోది ఘాజీ. ఇది అమెరికా నౌకాదళం కోసం 1944లో జలప్రవేశం చేసి, ‘డయాబ్లో’ పేరుతో 1945లో సేవలో చేరిన జలాంతర్గామి. 1964లో పాకిస్థాన్‌కు అద్దె మీద వచ్చింది. పాతదే అయినా పసిఫిక్ మహాసముద్రంలో సుదూర ప్రయాణాల కోసం రూపొందిన రకం. ఒక్కసారి ఇంధనం నింపుకుంటే దాదాపు 11,000 నాటికల్ మైళ్లు వెళ్లగలదు.

దీన్ని ఒక చిన్న లెక్కగా చూడవచ్చు. కరాచీ నుంచి పడమటి తీరం వెంబడి దిగి, శ్రీలంకను చుట్టి, విశాఖ చేరడానికి దాదాపు 3,000 మైళ్లు ప్రయాణించాలి. తిరిగి వెళ్లడానికి మరో 3,000. మధ్యలో లక్ష్యం కోసం వెతుకుతూ రోజుల తరబడి తిరగాలి. దారిలో ఎక్కడా ఆగడానికి స్నేహపూర్వకమైన రేవు లేదు. ఈ లెక్కకు తట్టుకోగలది ఘాజీ ఒక్కటే. అందుకే కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ నాయకత్వంలో అది 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. విక్రాంత్‌ను ముంచడం మొదటి పని; విశాఖ రేవు ముందు సముద్రంలో మైన్లు అమర్చడం రెండోది.

మైన్ అంటే సముద్రపు మందుపాతర. నౌక తాకినప్పుడో, దగ్గరికి వచ్చినప్పుడో పేలుతుంది. ఒకసారి అమర్చాక అది శత్రువును, మిత్రుణ్ణి గుర్తుపట్టదు. ఈ చివరి మాట తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

విక్రాంత్ వేషం కట్టిన ముసలి రాజ్‌పుత్

తూర్పు నావికాదళ కమాండ్ 1968లోనే విశాఖ కేంద్రంగా ఏర్పడింది. 1971లో దాని అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చే అవకాశం ఉందని అర్థమైనప్పుడు ఆయన విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో జనసంచారం లేని ఒక లంగరు స్థలానికి పంపివేశారు. రహస్యం కోసం ఆ చోటికి ‘పోర్ట్ ఎక్స్‌రే’ అని పేరు పెట్టారు.

తర్వాత చేయవలసింది విక్రాంత్ ఇంకా విశాఖ దగ్గరే ఉందని నమ్మించడం. ఆ పనికి ఎంచుకున్నది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్. అది రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ నౌకాదళంలో ‘రోథర్‌హామ్’ పేరుతో పనిచేసి, 1949లో భారత్‌కు వచ్చిన డిస్ట్రాయర్, అంటే వేగంగా నడిచే యుద్ధనౌక. 1971 నాటికి సేవ నుంచి తప్పించవలసిన దశలో ఉంది. ఆ ముసలి నౌక విక్రాంత్ మాదిరిగా రేడియో సందేశాలు పంపింది. పెద్ద నౌకకు సరిపోయేంత తిండి సరుకులకు విశాఖలో ఆర్డర్లు ఇచ్చారు. గూఢచారులు ఉంటే ఆ మాట వారి చెవిన పడాలన్నదే ఉద్దేశం. విక్రాంత్‌లోని నావికుడు ఒకరు తల్లి ఆరోగ్యం గురించి వాకబు చేస్తున్నట్టు ఒక టెలిగ్రామ్ కూడా ఈ పథకంలో భాగమని చెబుతారు. యుద్ధతంత్రం అనగానే ఫిరంగులు గుర్తుకొస్తాయి గాని, ఇక్కడ కూరగాయల ఆర్డరు కూడా ఆయుధమే అయింది.

ఆ అర్ధరాత్రి ఏం జరిగింది

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్థాన్ విమానాలు భారత్‌లోని పశ్చిమ వైమానిక స్థావరాల మీద దాడి చేయడంతో యుద్ధం బహిరంగంగా మొదలైంది. అదే రాత్రి పన్నెండు కావస్తుండగా లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ విశాఖ రేవు నుంచి బయలుదేరింది. రేవు దాటించే పైలట్‌ను దించివేసి, వేగం పెంచుతుండగా ముందు నీటిలో అసాధారణమైన కదలిక కనిపించింది. ఏదో జలాంతర్గామి అప్పుడే మునిగినట్టుగా ఉందని భావించి రెండు డెప్త్ చార్జ్‌లు విడిచారు. డెప్త్ చార్జ్ అంటే నీటిలో నిర్ణీత లోతుకు దిగాక పేలే మందుగుండు పీపా. అది జలాంతర్గామిని నేరుగా తాకనక్కరలేదు. నీటిలో పుట్టే ఒత్తిడితోనే దాని ఒంటిని చీల్చగలదు. శకలాలేవీ కనబడకపోవడంతో రాజ్‌పుత్ తన దారిన సాగిపోయింది.

అర్ధరాత్రి దాటి సుమారు 12:15కు సముద్రం నుంచి పెద్ద పేలుడు వినిపించింది. తీరం దగ్గరి ఇళ్లలో కిటికీలు అదిరాయి. తెల్లవారాక చేపల వేటకు వెళ్లిన జాలర్లకు నీటి మీద నూనె తెట్టు, కొట్టుకొస్తున్న వస్తువులు కనిపించాయి. తర్వాత నావికాదళ ఈతగాళ్లు అడుగుకు దిగి, పడి ఉన్నది ఘాజీయేనని ధ్రువీకరించారు. దాని ముందు భాగం బాగా ఛిద్రమై ఉంది. ఘాజీ మునిగిన సంగతిని భారత్ బయటి ప్రపంచానికి చెప్పింది డిసెంబరు 9న.

ఇంతవరకు పెద్దగా వివాదం లేదు. ‘ఎందుకు మునిగింది’ అన్న దగ్గరే దారులు చీలుతాయి.

మూడు వాదనలు, వాటి బలాబలాలు

భారత నావికాదళం చెప్పే మాట ప్రకారం ఘాజీ మునకకు కారణం రాజ్‌పుత్ విడిచిన డెప్త్ చార్జ్‌లే. ఈ వాదనకు బలం స్థలకాలాల దగ్గరితనం. అదే చోట, అదే రాత్రి, దాదాపు అదే సమయానికి రెండు ఘటనలు జరిగాయి. వాటికి సంబంధం లేదనడం కష్టం. బలహీనత ఏమిటంటే, రాజ్‌పుత్ కచ్చితంగా ఒక జలాంతర్గామిని కనిపెట్టి దాడి చేయలేదు. నీటి కదలికను చూసి అనుమానంతో చేసింది. పైగా డెప్త్ చార్జ్‌లకూ పెద్ద పేలుడుకూ మధ్య ఎంత వ్యవధి ఉందన్న విషయంలో కథనాలు ఒకలా లేవు. వ్యవధి కొద్ది నిమిషాలే అయితే ఈ వాదన బలపడుతుంది, ఎక్కువయితే తగ్గుతుంది.

పాకిస్థాన్ వైపు నుంచి వినిపించే వాదన ఘాజీ తాను అమర్చిన మైన్ల వల్లే పేలిపోయిందన్నది. యుద్ధకాలం కావడంతో విశాఖలో దీపాలు ఆర్పివేశారు. ఒడ్డు మీది గుర్తులు కనబడకపోతే చీకట్లో తన స్థానాన్ని జలాంతర్గామి తప్పుగా అంచనా వేయవచ్చు, తాను అమర్చిన మైన్లలోకే తిరిగి రావచ్చు. అసాధ్యమేమీ కాదు. అయితే ఇది ఒప్పుకోవాలంటే, అదే సమయంలో అటుగా వెళ్లిన రాజ్‌పుత్ ఉనికిని కేవలం యాదృచ్ఛికంగా తీసుకోవాలి.

మూడోది లోపలి ప్రమాదం. ఘాజీ లాంటి జలాంతర్గాములు నీటిపైకి వచ్చినప్పుడు డీజిల్ ఇంజన్లతో నడుస్తూ బ్యాటరీలు నింపుకునేవి, నీటి అడుగున ఆ బ్యాటరీలతో నడిచేవి. బ్యాటరీ నిండుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దాన్ని బయటికి పంపకుండా ఎక్కువసేపు ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. ఘాజీ పాతది, వారాల తరబడి ప్రయాణంలో ఉన్నది. లోపల పేలుడు జరిగి, ముందు భాగంలోని టార్పెడోలకూ (నీటిలో దూసుకెళ్లి నౌకలను పేల్చే ఆయుధాలు) మైన్లకూ అంటుకుని ఉండవచ్చని కొందరు విశ్రాంత నావికాధికారులే అన్నారు. శకలం ముందు భాగపు ఇనుము లోపలి నుంచి బయటికి విచ్చుకుని ఉందన్న కథనాలను వీరు ఆధారంగా చూపుతారు.

ఈ ఆధారాన్ని ఎలా తూచాలో ఒక ఉదాహరణతో చెప్పుకోవచ్చు. మూసిన రేకు డబ్బాను బయటి నుంచి సుత్తితో కొడితే రేకు లోపలికి నొక్కుకుపోతుంది. లోపల టపాకాయ పేలితే బయటికి విచ్చుకుంటుంది. కాబట్టి బయటికి విచ్చుకున్న ఇనుము లోపలి పేలుడుకు గుర్తు. కాని బయటి దెబ్బ వల్లే లోపలి టపాకాయ పేలి ఉంటే? అప్పుడు కూడా రేకు బయటికే విచ్చుకుంటుంది. అంటే ఇనుము తీరును బట్టి చివరి పేలుడు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది గాని, దాన్ని రగిలించినది ఏదో తెలియదు. డెప్త్ చార్జ్ తగిలి గాని, దాన్ని తప్పించుకోవడానికి హఠాత్తుగా మునిగి అడుగుకు గుద్దుకుని గాని లోపలి మందుగుండు పేలి ఉండవచ్చన్న నాలుగో వాదన ఇక్కడి నుంచే పుట్టింది. మొదటి వాదనకూ మూడో వాదనకూ ఇది మధ్యేమార్గం. నాకు ఎక్కువ సమంజసంగా కనిపించేదీ ఇదే. అయినా దీన్ని రుజువైన సత్యంగా చెప్పలేం.

యుద్ధం మొదలైందని అందరికీ తెలియడానికి ముందే ఘాజీ మునిగి ఉండవచ్చన్నవారు కూడా ఉన్నారు. ఆ రాత్రి వినిపించిన పేలుడుతో ఆ మాటకు పొత్తు కుదరదు కనుక దాన్ని అంగీకరించినవారు తక్కువ.

ఒక విషయంలో మాత్రం సందేహం అక్కరలేదు. కారణం ఏదైనా, ఘాజీని విశాఖ ముంగిటికి రప్పించింది విక్రాంత్ అక్కడే ఉందన్న నమ్మకం, విక్రాంత్ మాత్రం అక్కడ లేదు. డిసెంబరు 4 నుంచి దాని విమానాలు తూర్పు తీరపు రేవుల మీద దాడులు మొదలుపెట్టాయి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్థాన్ సైన్యం లొంగిపోయింది.

డిసెంబరు 4 ఎవరి విజయానికి గుర్తు

విశాఖవాసుల్లో చాలామంది నేవీ డేను ఘాజీ మునకతో ముడిపెడతారు. తేదీ ఒకటే కావడం దీనికి కారణం. నిజానికి నేవీ డే జరిపేది కరాచీ దాడిని తలచుకుని. డిసెంబరు 4 రాత్రి ‘ఆపరేషన్ ట్రైడెంట్’ పేరుతో నిపత్, నిర్ఘట్, వీర్ అనే మూడు క్షిపణి పడవలు, కిల్తాన్, కట్చాల్ నౌకల తోడుతో కరాచీ సమీపానికి వెళ్లి పాకిస్థాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌నూ, మందుపాతరలు తొలగించే నౌక ముహాఫిజ్‌నూ ముంచివేశాయి. దళ నాయకుడు కమాండర్ బబ్రూ భాన్ యాదవ్. అంటే ఘాజీ మునిగింది డిసెంబరు 3 దాటిన అర్ధరాత్రి, బంగాళాఖాతంలో. ట్రైడెంట్ జరిగింది ఆ తర్వాతి రాత్రి, అరేబియా సముద్రంలో. మధ్యలో దాదాపు ఒక పగలూ ఒక పూటా ఉన్నాయి, దేశం వెడల్పంతా ఉంది.

ఆ విజయాల వరసలో ఒక పెద్ద నష్టం కూడా ఉంది. ఘాజీ మునిగిందని భారత్ ప్రకటించిన డిసెంబరు 9 రాత్రే, గుజరాత్ తీరాన డయ్యూకు దాదాపు 40 నాటికల్ మైళ్ల దూరంలో ఐఎన్‌ఎస్ ఖుక్రీని పాకిస్థాన్ జలాంతర్గామి హంగోర్ ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను వదలకుండా దానితోపాటే మునిగిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. విశాఖ స్మారకం పేరులో విజయం ఉన్నా, అక్కడ ఉంచే పుష్పగుచ్ఛం ఎక్కువగా ఇలాంటివారి కోసమే. ఖుక్రీకి ప్రత్యేకమైన స్మారకం డయ్యూలో, సముద్రం ఒడ్డున ఒక గుట్ట మీద ఉంది. గాజు గదిలో నౌక నమూనాను ఉంచారు.

పాత పేర్లు, కొత్త నౌకలు

నావికాదళంలో నౌక పోయినా పేరు పోదు. కొంతకాలానికి కొత్త నౌకకు అదే పేరు పెడతారు. గౌరవించదగిన సంప్రదాయమే గాని, పత్రికలు చదివేవారికి చిక్కు తెస్తుంది. 2021 మేలో ‘ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ విశాఖలో విరమణ’ అన్న వార్త చూసి ఘాజీని ఎదుర్కొన్న నౌక అదేనని అనుకున్నవారు ఉన్నారు. అది 1980లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన వేరే రాజ్‌పుత్. 1971 నాటి రాజ్‌పుత్ ఆ దశాబ్దంలోనే తుక్కయిపోయింది. పాత విక్రాంత్‌ను 2014లో విడగొట్టడం మొదలుపెట్టారు; 2022లో చేరినది కొత్త విక్రాంత్. పాకిస్థాన్ కూడా 1975లో పోర్చుగల్ నుంచి కొన్న జలాంతర్గామికి మళ్లీ ఘాజీ అనే పేరు పెట్టింది.

దీనివల్ల యాత్రికుడికి తెలియవలసింది ఒకటుంది. విశాఖ కథలోని మూడు ముఖ్య పాత్రల్లో విక్రాంత్, రాజ్‌పుత్ ఇప్పుడు లేవు. మిగిలింది ఘాజీ ఒక్కటే, అదీ నీటి అడుగున.

కుర్సురాలో నడుస్తూ ఘాజీని ఊహించడం

అయితే కుర్సురా చూడడం దండగా? ఎంతమాత్రం కాదు. 1971లో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ విధుల్లో ఉంది, ఘాజీతో దానికి పోరు జరగలేదు. ఘాజీ మునకను కథావస్తువుగా తీసుకుని 2017లో వచ్చిన తెలుగు సినిమాలో ఒక భారత జలాంతర్గామి ఘాజీతో నీటి అడుగున తలపడుతుంది. చరిత్రలో అలాంటి పోరు లేదు. ఇంత చెప్పాక కూడా, ఘాజీని అర్థం చేసుకోవడానికి మన దేశంలో ఉన్న మంచి సాధనాల్లో కుర్సురా ఒకటి. రెండూ డీజిల్, బ్యాటరీలతో నడిచేవే. కుర్సురా పొడవు 91.3 మీటర్లు, ఘాజీ పొడవు దాదాపు 95 మీటర్లు. అంటే ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, మరి నాలుగైదు అడుగులు వేస్తే ఘాజీ పొడవు కాళ్లకు తెలుస్తుంది.

లోపల ఏడు గదులు వరుసగా ఉంటాయి. గదికీ గదికీ మధ్య ద్వారాలు గుండ్రంగా, చిన్నవిగా ఉంటాయి. ముందు ఒక కాలు, తర్వాత తల, ఆ తర్వాత రెండో కాలు పెట్టి దాటవలసిందే. ముందు గదిలో టార్పెడో గొట్టాలు ఆరు, వెనక నాలుగు. టార్పెడోల పక్కనే పడుకునే బల్లలు. బ్యాటరీలు కాళ్ల కింది అరల్లో ఉంటాయి. పైన చెప్పిన మూడో వాదన పుస్తకంలో చదివినప్పుడు దూరంగా అనిపించవచ్చు; ఈ నడవలో నిలబడి, కింద బ్యాటరీలు, ముందు మందుగుండు, బయటికి పోవడానికి ఒకటో రెండో సన్నని దారులు ఉన్నాయని చూసినప్పుడు దాని అర్థం ఒంటికి పడుతుంది. కుర్సురాలో దాదాపు 75 మంది ఉండేవారు. ఘాజీలో ఆ రాత్రి 93 మంది ఉన్నారు.

సందర్శకులకు వివరించేవారిలో నావికాదళంలో పనిచేసి విరమించినవారు ఉంటారు. బ్యాటరీల గురించి, హైడ్రోజన్ గురించి అడిగితే వారు చెప్పే జవాబు గోడ మీది పలకల కన్నా విలువైనది.

ఒక పూట లెక్క

హైదరాబాద్ నుంచి నలుగురు కుటుంబ సభ్యులు వస్తున్నారనుకుందాం: ఇద్దరు పెద్దలు, పదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న తాతగారు. గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి రైలులో తెల్లవారేసరికి విశాఖ చేరతారు. స్టేషన్ నుంచి ఆర్కే బీచ్ ఆటోలో కొద్దిసేపటి దారి. స్మారకం ఆరుబయట ఉన్నది కనుక పొద్దున్నే చూడవచ్చు, కాని కుర్సురా వారపు రోజుల్లో తెరిచేది సాధారణంగా మధ్యాహ్నం తర్వాతే, సోమవారం సెలవు. అంటే వారు సోమవారం వచ్చి మంగళవారం ఉదయం తిరుగు రైలు ఎక్కితే స్మారకం చూడగలరు, జలాంతర్గామి చూడలేరు. మిగిలిన రోజుల్లో వస్తే మధ్యాహ్నం కుర్సురాకు ముప్పావు గంట, టీయూ-142కు గంట, సాయంత్రం స్మారకానికి అరగంట చాలు. సెలవు రోజుల్లో వరుసలో నిలబడే సమయాన్ని దీనికి కలుపుకోవాలి.

తాతగారి సంగతి వేరు. కుర్సురాలోకి మెట్లెక్కి వెళ్లాలి, వంగి ద్వారాలు దాటాలి, మధ్యలో వెనక్కి తిరగడానికి చోటు ఉండదు. అది ఆయనకు కష్టం. స్మారకం మాత్రం రోడ్డు పక్కనే నేల మట్టంలో ఉంటుంది. ఈ కుటుంబంలో ఒకరు ఆయనతో స్మారకం దగ్గర ఉండి, మిగిలినవారు కుర్సురా చూసి రావడం సహజమైన ఏర్పాటు. ఆయన వయసు వారికి 1971 నాటి బ్లాకౌట్ రాత్రులు, కిటికీలకు అంటించిన నల్ల కాగితాలు గుర్తుంటాయి. పాపకు మ్యూజియం చెప్పలేనిది ఆయన చెప్పగలరు.

డిసెంబరు 4నే వెళ్లాలా అన్నది మరో ప్రశ్న. ఆ ఉదయం స్మారకం దగ్గర నావికాదళ కార్యక్రమం ఉంటుంది, నివాళి చూడాలనుకునేవారికి ఆ రోజుకు సాటి లేదు. తీరిగ్గా తిరిగి చూడాలనుకునేవారికి మాత్రం ఆ రోజు అనుకూలం కాదు. యుద్ధనౌకల విన్యాసాలు తప్పకుండా విశాఖలో ఆ రోజే జరుగుతాయన్న నమ్మకం కూడా పాతబడింది. 2022లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము హాజరైన ప్రధాన విన్యాసాలు విశాఖలోనే జరిగాయి; 2023లో అవి మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌కు, 2024లో ఒడిశాలోని పూరీకి వెళ్లాయి. విశాఖ ప్రజలు ఆర్కే బీచ్‌లో విన్యాసాలు చూసింది 2025 జనవరి 4న. టికెట్లు కొనేముందు ఆ ఏటి ప్రకటన చూసుకున్నవారికి నిరాశ ఉండదు.

విజయమా, సంతాపమా

యుద్ధ స్మారకాలు ఎలా ఉండాలన్న విషయంలో రెండు దృష్టులున్నాయి. గెలిచిన యుద్ధాన్ని గర్వంగా చెప్పుకోవాలి, ఆయుధాలను చూపాలి, పిల్లలకు ధైర్యం కలగాలి అన్నది ఒకటి. ‘విక్టరీ ఎట్ సీ’ అన్న పేరు, అక్కడి యుద్ధసామగ్రి ప్రదర్శన ఈ దృష్టికి దగ్గర. ఇది తేలిగ్గా తీసివేయదగినది కాదు. పేలుడుకు తమ ఇళ్లు అదిరిన ఊరు, శత్రువు గుమ్మం దాకా వచ్చిన ఊరు ఊపిరి పీల్చుకున్న క్షణాన్ని గుర్తుంచుకోవడం సహజం. పోయినవారి పేర్లు, సముద్రం, నిశ్శబ్దం ఇవే చాలునన్నది రెండో దృష్టి. సముద్రంలో పోయినవారికి నేల మీద సమాధి ఉండదు కనుక వారికి మిగిలేది స్మారకమేనని వీరంటారు. డయ్యూలోని ఖుక్రీ స్మారకం ఈ రెండో తీరుకు దగ్గరగా ఉంటుంది.

నావికాదళం ఆచరణలో ఈ రెండింటికీ చోటుంది. 2024 ఫిబ్రవరిలో మునిగిన జలాంతర్గాముల్లోని సిబ్బందిని కాపాడడానికి లోతు నీటిలోకి దిగే నావికాదళ వాహనం ఘాజీ శకలాన్ని గుర్తించిందని వార్తలు వచ్చాయి. దాన్ని తాకలేదని, అందులో పోయినవారి పట్ల గౌరవమే అందుకు కారణమని ఆ వార్తల్లోనే ఉంది. శత్రువుగా వచ్చి మునిగినవారికి కూడా సముద్రంలో సమాధి మర్యాద దక్కింది.

విశాఖ ముందు ఉన్న మునిగిన జలాంతర్గామి ఘాజీ ఒక్కటే కాదన్నది చాలామందికి తెలియదు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 ఫిబ్రవరి 11న, ఈ తీరానికి చేరువలో ఓడల బృందం మీద దాడి చేసిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110ను రాయల్ ఇండియన్ నేవీకి చెందిన ‘జమున’, ఆస్ట్రేలియాకు చెందిన ‘లాన్సెస్టన్’, ‘ఇప్స్‌విచ్’ నౌకలు కలిసి ముంచాయి. అందులోనూ ఎవరూ బతకలేదు.

స్మారకం దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తే కుడిచేతి పక్కన డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తుంది. రేవు ముఖద్వారం ఆ వైపే ఉంది; రాజ్‌పుత్ ఆ అర్ధరాత్రి బయటికి వచ్చింది అక్కడి నుంచే, తెల్లవారి జాలర్లు నూనె తెట్టు చూసిందీ ఆ వైపు నీళ్లలోనే. ఘాజీ ఉన్న చోటికి ఒడ్డు నుంచి ఏ గుర్తూ కనిపించదు. రేవులోకి పిలుపు కోసం లంగరు వేసి నిలిచిన సరుకు ఓడలు, వాటి మధ్య నుంచి వేటకు పోయే పడవలు మాత్రం కనిపిస్తాయి.